మూడో ఖానా

పాలమూరు మునిసిపాలిటీల నేను చేరిన్నాడు
హెడ్ క్లర్కు నవ్విండు:
"తాగనీకె నీళ్లు లేవు, వరదకు ఇంజనీరొచ్చింది."
అప్పటికి మూడేండ్లసంది సరైన వాన లేదు.
మోరీల బురద పెంకులు పెంకులుగ లేస్తే
పిల్లలు ఏరుకొచ్చి తొక్కుడుబిళ్ల ఆడుతుండ్రి.

నా చేతికిచ్చింది ఒక డంపీ లెవెల్,
సుతిలి తాడుతోని కాలు కట్టిన దాని స్టాండు,
ఎరుపు నలుపు అంకెల కర్ర,
కర్ర పట్టనీకె చైన్‌మన్ జాని మియా.

ఆ పాత లెవెల్ల కన్ను పెడితే లోకం తలకిందులు.
జాని మియా మీదికెళ్లి వేలాడుతుండె,
ఆయన తల కింద మబ్బులు,
మేకలు నేల కప్పుకు అతుక్కొని మేస్తుండె.
మొదటి దినం నవ్వు ఆగలే.
వారం తిరిగేసరికి అదే సక్కగ అనిపించింది.

గొర్లకుంట మత్తడి కింద నీరటి పెంటయ్య
నా లెవెల్‌ను ఎగాదిగ చూసిండు.
"గీ గొట్టమెందుకు మేడమ్?
ఎండ్రికాయ బొక్కలు ఏడిదాక ఉంటయో
నీళ్లు ఆడిదాక వస్తయి."
ముంగట నడిచి ఒక్కొక్కటే చూపించిండు.
అవి నా లెక్క దాటినయ్, తుమ్మలు దాటినయ్,
కొత్త లేఅవుటు తెల్లరాళ్లు దాటినయ్.
ఆఖరు బొక్కల వేలు పెట్టి "ఇగో" అన్నడు.
తాలూకాఫీసు వానకొలతలు ముప్పై ఏండ్లవి ఒక దిక్కు,
ఎండ్రికాయలు ఒక దిక్కు.

ఎందుకో నాకే తెల్వదు,
కల్వర్టుకు మూడు ఖానాలు గీసిన.
ఎస్టిమేటు తిరిగొచ్చింది, ఎర్ర సిరాతోని:
'కరువు జిల్లా. రెండు చాలు.'
కొట్లాడిన్నని చెప్పుకోవచ్చు.
ఆ ఫైలు చెదలు తిన్నది, కాదనెటోడు లేడు.
కొట్లాడలే.
కొత్త నౌకరి, ఐదో నెల కడుపు.
మూడోదాన్ని బ్లేడుతోని గీకిన.
ట్రేసింగు కాయితం వెలుగుకు పడితే
గీకిన జాగ పల్చగ కనవడుతనే ఉండె.

తర్వాత నాగర్‌కర్నూలు, మిర్యాలగూడ, మళ్ల పాలమూరు.
చుట్టాలింటికి పోతే చాయ్ కంటె ముందు జాలారు వాలు చూస్త.
నన్ను మోరీల మేడమ్ అంటరు. అననీ.

ఆ భాద్రపదం రాత్రి గొర్లకుంట మత్తడి దుంకింది.
రెండు ఖానాలు ఒక నులకమంచం, ఒక పందిరి,
టెంటుహౌసోళ్ల థర్మకోల్ గేటు మింగి
నోరు మూసుకున్నయ్.
నీళ్లు మూడోదాన్ని ఎతుక్కున్నయ్.
గోడకు తలగొట్టుకొని, పక్కకు మళ్లి,
తెల్లరాళ్ల లేఅవుట్ల జాని మియా ఇంటి తలుపు
అదే అనుకున్నయ్.

పొద్దుగాల మోకాళ్లు, తొడలు, నడుము తడుపుకుంట పోయిన.
షాహెదా గోడ మీద, కుట్టుమిషను తల ఒళ్లె పెట్టుకొని.
వాకిట్ల జాని మియా
అలవాటుకొద్ది కర్ర నిలువుగ పట్టి నిలవడ్డడు.
తిట్టలే. ఎప్పటి తీరుగనే కేకేసిండు:
"ఒకటి పాయింటు నాలుగు, మేడమ్. రాసుకోండ్రి."
నీళ్లల్ల ఆయన తలకిందులు.
ఆయన కింద మబ్బులు.
లెవెల్ తేలే ఆ దినం. అక్కర పడలే.

రాసుకున్న.

నీళ్లు తీసినంక గోడ మీది బురద గీతను
లెవెల్ పెట్టి చెలక దిక్కు పట్టుకపోయిన.
అది పోయి ఆగిన తావు నాకు ఎరుకే.
పెంటయ్య అప్పటికే లేడు, చెప్దామంటే.

మూడో ఖానా మంజూరు కానీకె
ఇంకా పదకొండేండ్లు, నాలుగు ఫైళ్లు.
శిలాఫలకం మీద పేర్లు చాన ఉన్నయ్.
జాని మియా పేరు లేదు, నాదీ లేదు.

నిన్న నా రిటైర్మెంటు. శాలువ కప్పుతుంటె చినుకులు మొదలైనయ్.
అందరు మీదికి చూసిండ్రు, నేను కిందికి.
దండ కారుల పడేసి కల్వర్టు కాడ దిగిన.
మూడు ఖానాలు బరాబరుగ పారుతున్నయ్.
ఒడ్డు మీదికెక్కిన,
కొత్త గోడ కంటె జానెడు మీద
వేలు పట్టేంత బొక్క.

వేలు పెట్టి చూసిన.
తడి.