సోమవారం రమ్మన్నాను

ఒజార్క్ కొండల కింద, పశువుల దాణా కొట్టు పక్కన
మా దుకాణం. పద్దెనిమిదేళ్ళుగా
గాజు బల్లకి ఇవతల నేను.
ప్రతి పిస్తోలుకీ పుస్తకంలో ఒక వరస, నల్ల సిరాతో.
కొట్టివేత ఉంటే పక్కన నా పొడి అక్షరాలు.

ఫిబ్రవరి చివర పన్ను డబ్బు వెనక్కొస్తుంది.
ముందు టైర్లు, తర్వాత పంటి డాక్టరు, తర్వాత మేము.
ఎన్నికల ఏడు వేసవి నుంచే వస్తారు,
"రేపు దొరకవేమో" అన్న మాట
ఏ సరుకునైనా అమ్మిపెడుతుంది.
టీవీలో ఏదో ఊరి బడి ముందు పోలీసు టేపు కనబడితే
మర్నాడు నేను తాళం తీసేసరికి ఆరు బళ్ళు ఆగి ఉంటాయి.
ఎవరూ ఆ ఊరి పేరెత్తరు.
ఎండ గురించి మాట్లాడతారు.

గడ్డాలూ బూట్లూ వస్తాయనుకుంటారు బయటివాళ్ళు.
వస్తాయి, ఇంట్లో ఏడుండగా ఎనిమిదోదానికి.
కానీ ఒడెస్సా ట్రిమేన్ కూడా వచ్చింది, రాత్రి డ్యూటీ నర్సు.
ఆస్పత్రి పార్కింగులో నాలుగు నెలలుగా దీపాల్లేవట.
పిడికిలి మూసి తెరిచి చూసుకుని "చిన్నది" అంది.
నెంగ్ షియోంగ్, మూడు కోళ్ళ ఫారాల ఆసామి,
మనవరాలు చదివి చెబుతుంటే
ఒక్కో గడీ గోటితో తడిమి సంతకం పెట్టాడు.
విల్మా ప్రూయిట్ ఏమీ కొనలేదు.
పోయిన మొగుడి రివాల్వరు రొట్టె సంచిలో తెచ్చి
"దీని బరువెంతుంటుందమ్మా?" అంది. తూచి చెప్పాను. వెళ్ళిపోయింది.

అందరికీ ఒకటే కాగితం. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం.
ఇది మీ కోసమేనా? అవును, కాదు.
ఎప్పుడైనా శిక్ష పడిందా? అవును, కాదు.
ఫోను అవతలి గొంతు "కానివ్వండి" అంటుంది,
చాలాసార్లు నా కాఫీ చల్లారకముందే.

నవంబరులో ఒకతను వచ్చాడు.
పేరు చెప్పను. పుస్తకంలోనూ లేదు.
ఇస్త్రీ చొక్కా. బేరమాడలేదు.
ఒర వద్దన్నాడు. తుడిచే నూనె వద్దన్నాడు.
తూటాలు విడిగా అమ్ముతారా అన్నాడు.
మా కుక్క మంచిది, మీకు కావాలా అన్నాడు.

నూనె అందరూ అడుగుతారు.
రేపు ఉందనుకునేవాడికే తుప్పు భయం.

"లైను కలవడం లేదు" అన్నాను.
అప్పటికి ఫోను ముట్టుకోనేలేదు.
"సోమవారం రండి. కుక్కని కూడా తీసుకురండి."

సోమవారం వాన.
రెండు ఒరలు, ఒక టార్చిలైటు అమ్మాను.
మంగళవారం కుక్క బిస్కట్ల డబ్బా తెచ్చి
గల్లాపెట్టె పక్కన పెట్టాను.
"ఇవెంతకి?" అన్నాడు మా ఓనరు ఆర్విన్.
అమ్మకానికి కాదన్నాను.

పద్నాలుగు మైళ్ళ అవతల ఇంకో దుకాణం ఉంది.
అక్కడ లైను ఎప్పుడూ కలుస్తుంది.

ఇప్పటికీ తలుపు గంట మోగితే
మొహం కంటే ముందు
మోకాళ్ళ ఎత్తున చూస్తాను.