పదమూడు గళ్ళు

కళింగపట్నంలో కరెంటు పోతే
నాకు పండగ.
ఐసు ఫ్యాక్టరీ కంప్రెసర్ గొంతు పడిపోతుంది,
వీధిలైట్ల గుడగుడ ఆగుతుంది,
నలభై మీటర్ల బ్యాండు బూజు దులిపినట్టు
అడుగు దాకా కనిపిస్తుంది.
తూకాల పుస్తకం మూసి, బ్యాటరీకి క్లిప్పులు తగిలించి
ఇచ్ఛాపురం కోసం చూస్తాను.

ఇచ్ఛాపురంలో బెహరా దండపాణి మాస్టారున్నారు.
మేం మాట్లాడుకోం, రాసుకుంటాం.
హెల్ అంటారు మా పద్ధతిని. నరకం కాదు,
ఎవరో జర్మనీ ఆయన ఇంటిపేరట.
అక్షరాన్ని చుక్కలు చుక్కలుగా కోసి
గాలిలోకి విసురుతుంది,
అవతల తెర మీద ముగ్గులా పడుతుంది.
ఏ అక్షరమో దానికి తెలీదు. తెలియక్కర్లేదు.
అందుకే బండి ఱ కూడా ప్రయాణం చేస్తుంది.
మాస్టారి తలకట్టు ఉప్పుగాలికి చెదిరి వచ్చినా
కన్ను చదివేస్తుంది.

పక్కవాళ్ళది వేరే పద్ధతి.
పదిహేను సెకన్లు ఈల, పదిహేను సెకన్లు చెవి.
మూడు కిలోహెర్ట్జ్ గదిలో వందమంది
ఎవరి గీత వాళ్ళు పట్టుకుని నిలబడతారు.
పేరు, ఊరు, ఎంత బాగా వినబడ్డావో ఒక అంకె, సెలవు.
వాన పడిందా, మోకాలి నొప్పి తగ్గిందా,
అవేమీ ఉండవు.
తప్పు పట్టను. ఇచ్ఛాపురం నాకు అందని రాత్రుల్లో
వాళ్ళు చిలీ దాకా అందుతారు.

కానీ భాద్రపదంలో ఒక ఈల
గట్టు దాటి నా మీదికొచ్చింది.
మాస్టారి మాట మధ్యలో తెల్లటి కమ్మీ.
"మా కోడలికి" తర్వాత కమ్మీ.
"పురుడు" తర్వాత కమ్మీ.
ఆడో మగో
పదిహేను సెకన్ల కింద నలిగిపోయింది.

పొట్నూరు లిఖిత, టెక్కలి పాలిటెక్నిక్,
లైసెన్సుల పట్టికలో దొరికింది.
కోపంలో నేనూ మీట నొక్కి పట్టుకున్నాను,
ఒట్టి ఈల, ఆ పిల్ల ఈల మీద.
ఏం లాభం? ఆ రాత్రి ఇచ్ఛాపురమూ మునిగింది.

పొద్దున్న తూకం దగ్గర మైలపల్లి ఎర్రన్నకి చెబితే
చేపల పెట్టె మీద కూకుని నవ్వాడు.
"పెద్దవలకి వంతుంటాది బాబూ.
ముందోడి తాడు ఒడ్డెక్కీదాకా
రెండోడు పడవ దింపడు.
అయితే ముందోడున్నాడని ఆడికి కనపడాల గదా.
సీకట్లో వలేస్తే నువ్వో కేకెయ్యాల."

కేక.
ఎలా వెయ్యను?
నా ముగ్గు ఆ పిల్ల కంప్యూటర్‌కి ఒట్టి మచ్చ.
తనకి అర్థమైనదే చూపిస్తుంది అది,
మిగతాదంతా ఖాళీ అంటుంది.
ఖాళీ అనుకునే దిగింది.

ఆ రాత్రి నేనే వాళ్ళ గదిలోకి వెళ్ళాను,
చెప్పులు విడిచినట్టు
తెలుగు లిపి గుమ్మం బయట వదిలి.
సొంత మాటకి అక్కడ ఇచ్చేది పదమూడు గళ్ళు,
మధ్య ఖాళీతో కలిపి.
తిట్లన్నీ కొలిచి చూశాను. కొన్ని పట్టాయి కూడా.
చివరికి ఇంగ్లీషు అక్షరాల్లో
'జరుగు తల్లీ'
సరిగ్గా పదమూడు.

పదిహేను సెకన్లు.
'వినబడలేదు' అని వచ్చింది. పన్నెండు.
సంజాయిషీయో, మళ్ళీ చెప్పమనో తెలియలేదు.
తర్వాతి వంతుకి ఆ గీత నా తెర మీద లేదు.
మాస్టారు మొదట్నించీ మళ్ళీ రాశారు:
మనవరాలు. రెండు కిలోల ఎనిమిది వందలు.
తూకం రాసేవాణ్ణి, అంకె మర్చిపోను.

వారం పోయాక, కరెంటు పోయిన వేళ
నా చోటికి కొంచెం కిందగా
చెయ్యి తిరగని ముగ్గొకటి పడింది.
'ఉన్నారా' అని అడగబోయినట్టుంది,
వత్తు దారిలో రాలిపోయి
'ఉనారా' అని మిగిలింది.
ఉన్నానమ్మా అని రాయబోతుంటే
కరెంటొచ్చింది.
కంప్రెసర్ గొంతు సవరించుకుంది.
తెర నిండా బూడిద.

ఇప్పుడెవర్ని జరగమంటాను?
తెల్లారితే ఎర్రన్న కానాగంతలకి ఐసు కావాలి,
నా జీతమూ అందులోదే.
క్లిప్పులు తియ్యకుండానే
దీపం ఆర్పి కూచున్నాను.