తొంభై రెండో నంబరు జెట్

(ఎల్ ఆల్టో, బొలీవియా. నెమేసియా టికోనా మెకానిక్ షెడ్డు.)

ముందు ఇంజన్ ఆపు, రుఫీనో.
అరుపు ఆగితే గానీ జబ్బు వినపడదు.
ఎడమ చెవి నాకెలాగూ పనిచెయ్యదు,
పన్నెండేళ్లు రేసుబళ్ల పక్కన నిలబడ్డ చెవి అది.
కుడివైపు రా.
ఆ చేపల పెట్టె దించి నీడలో పెట్టు, ఐసు కారిపోతోంది.

ఎక్కడ కొన్నావు దీన్ని? సాంతా క్రూజ్‌లోనా?
అదీ సంగతి.
అక్కడ పల్లంలో గాలి జావలా చిక్కన,
ఇక్కడ జావగిన్నె కడిగిన నీళ్లంత పల్చన.
పీల్చేది గుక్కెడు, తాగేది చెంబెడు,
ఇక నల్లగా దగ్గక ఏం చేస్తుంది?

ప్లగ్ చూడు,
పొయ్యి మీద మరిచిపోయిన మూకుడు అడుగులా ఉంది.
సరిగ్గా మండే ప్లగ్
వేయించిన వేరుశనగ పొట్టు రంగులో ఉంటుంది.
వేలితో ముట్టుకో.
ఆ మసంతా నువ్వు డబ్బులిచ్చి కొన్న పెట్రోలే.

సైలెన్సర్‌కి ఈ బెజ్జాలు ఎవరు కొట్టారు?
నువ్వేనా? డ్రిల్లుతోనా?
నవ్వొస్తోంది గానీ నవ్వను.
పద్దెనిమిదో ఏట నేనూ లోపలి గొట్టం కోసి పారేశాను.
వీధి వీధంతా కిటికీలు తెరిచి చూసింది.
లా సెహా ఎగువలో
కూరగాయల తోపుడు బండి ఒకటి నన్ను దాటిపోయింది.
అరిచేదల్లా లాగదు నాయనా.
పొగ పోయే దారిలో కాస్త అడ్డు ఉండాలి,
వెళ్లినదాని అల ఒకటి వెనక్కి తట్టి
లోపలికొచ్చిన కొత్త గాలిని గడప దాటకుండా ఆపాలి.
తలుపులు బార్లా తీసి కుంపటి రాజేస్తే
వెచ్చన వీధికి, చలి నీకు.

ఆరు బెజ్జాలు.
ఐదు పూడుస్తాను.
ఆరోది ఉంచుతాను, నీ వయసు కోసం.

ఇదిగో, ఈ ఇత్తడి ముక్క,
బియ్యపు గింజ కంటే కాస్త పెద్దది,
ఇదే నీ బండికి గొంతు. నూట ఎనిమిది అని ముద్ర.
తీగ పెట్టి పొడిచావా ఎప్పుడైనా? నిజం చెప్పు.
వెంట్రుకంత గీత పడినా నంబరు అబద్ధమైపోతుంది.
ఊదాలి. నోటితో ఊదాలి, అంతే.
దీని ఆకలెరిగి తొంభై రెండు వేస్తున్నా.
సూది మీద క్లిప్పు ఒక మెట్టు పైకి,
అంటే సూది ఒక మెట్టు కిందికి.
తికమక పడకు, నేనూ ఏడాది పాటు తిరగేసే పెట్టాను.

ఇప్పుడు మాట్లాడకు.
స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద,
పిడి నా దవడ మీద.
చెవి పోయాక ఎముకతో వినడం నేర్చుకున్నా.
పావు చుట్టు.
ఇంకాస్త.
కాదు, వెనక్కి.
అదీ!
కుంటుతున్నవాడు చెప్పులో రాయి దులిపేసి
మళ్లీ నడక అందుకున్నట్టు లేదూ?

ఎగిరిపోకు, సగమే అయింది.
నువ్వు కనుమ దాటి యుంగాస్ లోయలోకి దిగుతావు.
దిగేకొద్దీ గాలి చిక్కబడుతుంది,
ఈ సన్న గొంతు చాలదు.
బండి తేలిగ్గా పరుగెడుతుంది, భలే ఉందనుకుంటావు,
లోపల పిస్టన్ మాడుతుంటుంది.
అజీర్తికైతే పొగ వస్తుంది,
ఆకలికి పొగ రాదు.

అందుకే నీ పాత జెట్ దూది చుట్టి అగ్గిపెట్టెలో పెట్టాను.
ఉందువావిలో చేపలు వేయించే కొట్ల దగ్గర ఆగు.
ఇంజన్ చల్లారనీ. నువ్వే మార్చుకో.
చీకట్లో మాత్రం వద్దు,
కంకరలో పడిందంటే దొరకదు,
నేను వెతికిన రాత్రులు నాకు తెలుసు.
తిరిగి పైకెక్కేటప్పుడు మళ్లీ తొంభై రెండు.

ఎంతా? డెబ్భై బొలివియానోలు.
సరే, యాభై ఇవ్వు, రెండు చేపలు తీసుకుంటా.
ఆ పైవి కాదు.
అడుగున దాచావు చూడు, అవి.