కిటికీ పక్క, మూడో బెంచీ

తాడ్వాయిల ఎక్కేటప్పుడు లెక్కపెట్టిన.
ములుగుల చాయ్ కాడ లెక్కపెట్టిన.
సుబేదారిల దిగేటప్పుడు
బస్సు మెట్టు మీద నిలబడి
ఒక్కొక్క తలకాయ తాకుతూ మళ్ళీ లెక్కపెట్టిన,
అందరికంటే పొట్టి సమ్మయ్యకైతే వంగి.
నలభై ఒకటి.
టూరంటే ఏముంది,
పొద్దంతా ఒక అంకెను కాపాడుకునుడు.

గేటు కాడ వాచ్‌మన్ మా ఉత్తరం చదివినట్టు చేసి
కింది ముద్రను బొటనవేలితో రుద్ది చూసి
"పదో తరగతా? బాత్రూములు అటుదిక్కు" అన్నడు.
అదే మాకు స్వాగతోపన్యాసం.

నేను కూడా ఒకటి రాసుకొచ్చిన, రాత్రి కూసోని.
నిజాం జమానా, కమానులు,
మన తాతలు ఉర్దూల లెక్కలు నేర్చిన కాలం.
కాగితం జేబుల చెమటకు మెత్తబడ్డది.
విప్పేలోపే బానోతు వీరన్న
గోడకు అరచెయ్యి ఆనించి
"సార్, లోపల చల్లగున్నది" అన్నడు.
గోడ లోపల అని వాని మాట.
ఇగ అందరి చేతులూ గోడకే.
డిగ్రీ పిల్లలు ఇద్దరు మమ్మల్ని చూసుకుంట పోయిన్రు,
ఏ దేవునికి మొక్కుతున్నరో అని కావచ్చు.

వరండాల ఈసం సారక్క అడిగింది,
"సార్, మీరు యే బెంచీల కూసునేటోళ్ళు?"

ఆరేండ్లుగా క్లాసుల "మా కాలేజీ" అంటున్న.
"మా కాలేజీల అయితేనా..." అని
ఎన్ని పాఠాలు మొదలుపెట్టిననో.
తెరిచున్న గదిలకు చెయ్యి చూపిన,
"కిటికీ పక్క, మూడోది."
అబద్ధానికి కొలతలు చెప్పినట్టు.

కెమిస్ట్రీ ల్యాబ్ల అటెండర్ "ముట్టద్దు" అన్నవన్నీ
వీళ్ళు కండ్లతోని ముట్టిన్రు.
పులిహోర పొట్లాలు విప్పినం, మడిచినం.
మూడున్నరకు బస్సు కాడ లెక్క
నలభై.

మళ్ళీ పెట్టిన. నలభై.
వరండాలన్నీ ఉరికిన.
ఎండ గచ్చు మీద పలకల్లెక్క పడ్డది.
నా చెప్పుల సప్పుడు నాకే భయమైంది.

ఆ గదిల ఉన్నది సారక్క.
మూడో బెంచీ మీదికి వంగి
చెక్కిన పేర్లల్ల వేలు తిప్పుకుంట.
"మీ పేరు లేదు సార్.
ముందటివి, వెనుకవి, అన్నీ చూసిన."

కోపం చెయ్యాలె. చెయ్యలేకపోయిన.
"నాది పేరు కాదు బిడ్డా, నంబరు.
చాక్‌పీసుతోని రాసేటోళ్ళు,
పరీక్ష అయిపోతే తుడిచేటోళ్ళు.
నేను ఇక్కడ చదువలే.
ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు మోసిన.
దూరవిద్య పుస్తకాలు కాంటా పక్కన పెట్టుకున్న.
ఈ గేటు దాటింది మొత్తం పదిహేడు సార్లు,
పదిహేడు పరీక్షలకు.
ఒకసారి చేతికున్న ఘాటు కంట్ల పడి
నీళ్ళు కారుతుంటే
పేపరు రాకనే ఏడుస్తున్న అనుకోని
ఇన్విజిలేటర్ గ్లాసెడు నీళ్ళు తెప్పిచ్చిండు.
గింత కాలేజీల నాకు తెలిసిన మనిషి ఆయనొక్కడే.
పేరు తెలువది."

పిల్ల ఏమీ అనలే.
బెంచీ మీద కొంచెం అటు జరిగింది.
కూసున్న.
మోకాళ్ళు పట్టలే.
కిటికీల నుంచి సైకిల్ స్టాండు కనవడ్డది,
ఇన్నేండ్లల్ల ఎన్నడూ చూడలే దాన్ని.
పరీక్షల తల ఎత్తితే కదా.
బయట డ్రైవర్ హారన్ మీద హారన్.

మల్లంపల్లి దాటినంక వీరన్న వాంతి చేసుకున్నడు.
నేను నిమ్మకాయ వెతుకుతుంటే
వెనుక సీట్ల సారక్క గొంతు,
మెల్లగ, గని బస్సంతా వినేటట్టు
చెప్తనే ఉన్నది.
అంత్యాక్షరి ఆగింది.
నేను వెనుకకు తిరగలే.
నిమ్మకాయ దొరికినా
సంచిల చెయ్యి తియ్యలే.

శానసేపటికి ఎవడో అడిగిండు,
"సార్, మిర్చి బస్తా ఎంత బరువుంటది?"
"నలభై కిలోలు" అన్న.
"అంటే మన సమ్మయ్యంత."
బస్సంతా నవ్వింది.
సమ్మయ్య లేచి నిలబడి
"నేను ముప్పై ఆరే" అన్నడు.