ఒళ్ళంతా నాలుక

మొదటి జట్టుని నేనే చంపాను.
అర కిలో వానపాములు,
పాత పెయింటు బకెట్లో మస్తాన్‌బీ తెచ్చిచ్చింది.
చెత్త బండి మీద తిరిగే మనిషి,
"పిల్లల్లా చూసుకోక్కా, తడి ఆరనీకు" అని మరీ చెప్పింది.

పిల్లల్లాగే చూశాను.
మిగిలిన పప్పుచారు పోశాను,
గోంగూర పచ్చడి గిన్నె తొలిచి ఆ నీళ్ళూ పోశాను,
పిసికేసిన చింతపండు పిప్పి,
ఎండుమిరప తొడిమలు గుప్పెడు.
ఇంట్లో అందరం తినేదేగా.

తెల్లారి చూద్దును కదా,
టబ్బు అంచులెక్కి, మెట్ల కింద గచ్చు మీద
ఎక్కడివక్కడ ఎండిపోయి,
జాకెట్టు కుట్టు విప్పితే రాలిన దారప్పోగుల్లా.
పదకొండేళ్ళుగా బ్రాడీపేటలో కర్రీ పాయింటు నడుపుతున్నా.
నా చేతి వంట తిని పోయినవాళ్ళు
అప్పటిదాకా ఎవరూ లేరు.

మస్తాన్‌బీ తిట్టలేదు. గచ్చు ఊడ్చింది.
"వాటికి నాలుక ఉండదక్కా," అంది.
"ఒళ్ళంతా నాలుకే."

పోపు పెడుతూ అదే అనుకునేదాన్ని:
ఒళ్ళంతా నాలుకైన ప్రాణి
గుంటూర్లో ఎలా బతకాలి?
మిరప యార్డు వైపు నుంచి గాలి తిరిగితే
స్కూలు ఆటోలో పిల్లలంతా ఒకేసారి తుమ్మే ఊరు.

రెండోసారి,
వండకముందువి ఒక బకెట్టు, వండినవి వేరే.
బీర పొట్టు పచ్చడికి నాకే కావాలి,
సొర చెక్కు వాటికి.
అరటి తొక్కలు, వడగట్టిన టీ పొడి,
గుడ్డు పెంకులు నూరి చిటికెడు,
అలవాటు కొద్దీ పైన తాళింపులా చల్లాను.

మేలో టబ్బు మీద తడి గోనెసంచి కప్పాలి.
దొరికింది యార్డు సంచే.
ఏడు నీళ్ళు కడిగాను. ఆరేసి మళ్ళీ కడిగాను.
ముక్కుకి ఆనించుకున్నా తుమ్ము రాని రోజున కప్పాను.

ఇంటి ఓనరు పానకాలరావు గారు
ముక్కు మూసుకునే దిగొచ్చారు.
"మెట్ల కింద పాముల్ని పెంచుతున్నావంట."
సంచి తీశాను.
ఆయన చెయ్యి ముక్కు మీంచి మెల్లిగా జారింది.
ఎండ నలభై నాలుగు దాటిన మధ్యాహ్నం
తొలకరి వాసన.
ఏమీ అనలేదు. అద్దె మాత్రం
ఒకటో తారీకుకే కావాలన్నారు.

మూడు నెలలకి జల్లెడ పట్టాను,
పట్టుకుంటే చల్లగా, నల్లగా.
కుండీలో పోసి ధనియాలు నలిపి చల్లాను.
కొత్తిమీర కంటే ముందు లేచింది
నేను చల్లనిది, ఒక మిరప మొక్క.
అంత ఏరినా ఏ తొక్కకంటుకుని పోయిందో గింజ!
అన్నీ తిన్నవి, దాని దగ్గర మాత్రం
చుట్టు తిరిగి పోయినట్టున్నాయి.

ఇప్పుడది పూత మీదుంది.
పొద్దున్నే మస్తాన్‌బీ విజిలూది
నా బకెట్టు ఎత్తి చూసి,
"ఏంటక్కా, పస్తులుంటున్నారా?" అంటుంది.
తొలి కాయ నీకే అన్నాను.
తొడిమతో సహా పట్టుకుపొమ్మన్నాను,
ఇటు పడకుండా.