కొసరు

లాలాపేట సందులో మేడ మీది గది.
కింద, వాళ్ల తాత కుంపటి ముందు కూర్చున్న చోట
ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు.
పైన లక్కోజు పేరాచారి గారు, రిటైరైన పోలీసు ఆర్మరరు.
గోడకి లైసెన్సు కాగితం,
ముందు, ఆ తాతగారి త్రాసే.

"ఫ్యానాపు, మస్తానీ."
మే నెల. గుంటూరు. అయినా ఫ్యానాపాలి.
చెమట ముంజేతి మీదుగా ఎటైనా కారొచ్చు,
పళ్లెంలో మాత్రం పడకూడదు.

నా అరచేతిలో గురివింద గింజ పెట్టారు.
"మావాళ్లు బంగారం తూచింది దీంతోనే.
లోకం దాని కింది నలుపే చూస్తుంది.
నువ్వు పేరు చూడు. గురి అందులోనే ఉంది."
నవ్వాను.
ఆయన నవ్వలేదు.

బరువు గుండు కావాలన్నది నేనే.
మూడొందల మీటర్ల దగ్గర
మిర్చి ఘాటుతో వచ్చే పడమటి గాలి
నా తేలిక గుండుని చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కుపోతోంది.

"ఒంటిగది కాపురంలోకి
లావుపాటి బావమరిది దిగాడనుకో.
గడప బయటికి కాళ్లు చాపుతానంటే మ్యాగజైను ఒప్పుకోదు,
దాని పొడవు దానిది.
లోపలికే జరగాలి.
అతను జరిగినంత మేరా
ఇంట్లోవాళ్లకి ఊపిరాడదు.
ఇప్పుడు చెప్పు, మందు పెంచాలా, తగ్గించాలా?"

గుండు బరువు కదా, పెంచాలి అన్నాను.

ఆయన ఎడమచెయ్యి బల్ల మీద పెట్టారు.
బొటనవేలు మొదటి కణుపు దగ్గరే ఆగిపోయింది.
"డెబ్బై తొమ్మిదిలో నేనూ ఇదే అన్నాను."

పుస్తకంలో పై అంకెని అరచేత్తో మూసేశారు.
కింది అంకె దగ్గర మొదలుపెట్టమన్నారు.
మెట్టుకి ఐదు తూటాలు.
ఎక్కిన ప్రతిసారీ, కక్కిన గొట్టం మొహం చూడాలి.
ప్రైమరు అంచు గుండ్రంగా ఉందా, సరే.
అప్పడంలా అణిగిందా,
ఇంకో మెట్టు ఉందా అని అడక్కు, దిగు.

"యార్డులో బస్తాకి తరుగు తీస్తారు.
మా కులవృత్తిలో తరుగు మీదే ఇళ్లు కట్టారు.
బజార్లో కొసరు లేకపోతే బేరమే లేదు.
ఊరంతా ఆ రెండిటి మీదే నడుస్తుంది.
ఈ బల్ల మీద రెండూ లేవు."

ముప్పై నాలుగో గొట్టం దగ్గర
కింద కొట్లో ఎవరో కొత్త ఫోను మోగించి చూసుకున్నారు.
ఒక్క క్షణం.
పోశానా? పోయలేదా?
టార్చి వేసి వరసంతా చూశారు.
అన్నిట్లో మందు ఒకే ఎత్తులో ఉంది, నేనూ చూశాను.
కళ్లు ఒప్పుకున్నాయి. ఆయన ఒప్పుకోలేదు.
ముప్పై నాలుగూ ఒంపేశారు,
ఒక్కొక్కటీ, అడుగున తట్టి,
సాయంత్రం మొత్తం వెనక్కి డబ్బాలోకి.
నాకు కోపం వచ్చింది. ఆకలి కూడా.

తాళం రెండుసార్లు లాగి చూసి కిందికి దిగాం.
సందు చివర కూరల బండి.
పావుకిలో వంకాయలు తూచగానే మొదలెట్టారు:
కరివేపాకు వెయ్యి,
రెండు పచ్చిమిరపకాయలు వెయ్యి,
అది కాదమ్మా, ఆ లావుపాటిది,
ఇంకోటి వెయ్యి, నీ సొమ్మేం పోయింది.
బండామె తిట్టుకుంటూ వేసింది.
సంచీలోకి తొంగి చూసుకుని
అప్పుడు నవ్వారు.