ఇనుముకే చెప్పు

ఒకకరారలో నా షెడ్డు ముందు
బండి ఆపి కువేరి హారన్ కొట్టలేదు.
వెనకసీట్లో పెద్దవాళ్ళెవరో ఉన్నారని అప్పుడే అనుకున్నాను.

వేలంలో కొన్న పాత ల్యాండ్ క్రూజర్.
ఎడారి పందేల్లో దొర్లి లేచిన ఒళ్ళు.
లోపల ఇనుప పంజరం: ముందో కమాను, వెనకో కమాను,
వెనకసీటు నడినెత్తి మీదుగా ఒక అడ్డగొట్టం.
అది అతికినవాడెవడో
అక్కడ మనుషులు కూర్చుంటారనుకోలేదు,
టైర్లు కూర్చుంటాయనుకున్నాడు.

గైవరూవె అత్త దిగడానికి చాలాసేపు పట్టింది.
ముందు కుచ్చిళ్ళు, తర్వాత శాలువ,
ఆఖరున తలపాగా,
ఆవు కొమ్ముల్లా రెండు పక్కలకీ చాచిన ఒచికైవా.
కుడి కొమ్ము నలిగి ఉంది.
గతుకు గతుక్కీ గొట్టం దాన్ని మొట్టిందట.

కాస్త వంగి కూర్చోవచ్చు కదా అని
ఎవరూ అనలేదు.
అది పెట్టుకున్నాక మెడ వంచరు.
ఆవు మాత్రం వంచుతుందా, మేతకి తప్ప?

టేపు తీశాను.
నడినెత్తి నుంచి గొట్టానికి నాలుగు వేళ్ళు.
కొమ్ముల నుంచి, సున్నా కంటే తక్కువ.
అదెలా రాయాలో తెలీక
చెక్క మీద సుద్దతో ఒక గీత గీసి ఊరుకున్నాను.

"కోసి పారెయ్" అన్నాడు కువేరి.
ఆ పని మాత్రం చెయ్యను.
బండి బోర్లాపడ్డ రోజున
మీ మీదకి వచ్చేది ఆకాశం కాదు, కప్పు.
"పోనీ సీటు రెండంగుళాలు దించుదాం."
ఇది నేనే అన్నాను, నేల చూస్తూ.

అత్త నా వైపు తిరిగింది.
తల కాదు, మనిషి మొత్తం తిరిగింది.
"నన్ను దించకు నాయనా.
లేవమని ఇనుముకే చెప్పు."

ఎలా వంచుతావని అడిగింది.
ముందు తీగతో వంపు చూసుకుంటానన్నాను.
తీగ ఎటంటే అటు ఒప్పుకుంటుంది, దాన్ని నమ్మకు, అంది.
కాళ్ళ దగ్గరి పాత పేపర్లు తీసి
ఒక్కొక్కటే చుట్టింది, నీళ్ళు చిలకరించి బిగించింది.
తన కొమ్ముల లోపలా ఇవేనట:
పోయినేటి ఎన్నికలు, పశువుల సంత ధరలు,
ఎవరివో చావు కబుర్లు.
ఆ చుట్టని కమాను నుంచి కమానుకి పట్టుకుని
పైకి, వెనక్కి, మళ్ళీ కిందికి,
ఇలా, అంది.

మొదటి గొట్టం మోకాలి దగ్గర నొక్కుకుపోయింది.
మూలన పడేస్తే దాని మీద కోడి ఎక్కింది.
రెండోది తొందరపడకుండా, కాల్చకుండా, చల్లగా వంచాను.
చివర్లు చేప నోళ్ళలా కోశాను,
కమానుని కరుచుకుని కూర్చున్నాయి.

తిన్నని గొట్టానికున్న బలం వంగినదానికి ఉండదు.
అది ఇనుము దగ్గర చేసిన అప్పు.
ఏటవాలుగా రెండు ఆసరాలు,
మూలమూలకీ ముక్కోణపు రేకు,
వడ్డీతో సహా కట్టేశాను.
కువేరి దగ్గర మాత్రం గొట్టం ఖర్చే తీసుకున్నాను.

పైన స్పాంజి చుట్టాను.
నలుపు బాగాలేదని అత్త ఎర్రగుడ్డ కుట్టింది.

ఆగస్టులో ఒకహాంజా వెళ్ళారు, జెండాల ఊరేగింపుకి.
దుమ్ము కొట్టుకుని తిరిగొచ్చాక
తగిలిందా అని అడిగాను.
"తగిలింది" అంది.
నా గుండె జారింది.
"కువేరి తలకి. ముందు కమాను.
అస్తమానం వెనక్కి తిరిగి నన్ను చూస్తుంటే మరి?"
అతని నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి.
దానికేం చెయ్యగలవని ఇద్దరూ అడగలేదు.

ఆ పేపరు చుట్ట షెడ్డులో మేకుకి వేలాడుతోంది.
ఎండి గట్టిపడింది,
వంపు మాత్రం చెడలేదు.
పైపొర మీద ఒక్క ముక్కే చదవడానికి వస్తుంది:
గిత్త, మూడేళ్ళది, నెమ్మదైనది,
అమ్మకానికి.